మొదటి గడిలో ఎవరి పేరు: ఒక కువైట్ కుటుంబం జాయింట్ ఖాతా కేసు

ముప్పై రెండేళ్లు బ్యాంకులో పనిచేశాను. చివరి పదకొండేళ్లు విదేశీ మారకం విభాగంలోనే గడిచాయి. రిటైరయ్యాక గోదావరి జిల్లాల్లో గల్ఫ్ కుటుంబాలకు బ్యాంకు కాయితాల విషయంలో చేతనైన సాయం చేస్తున్నాను. నా దగ్గరికొచ్చే తగాదాల్లో డబ్బు మాయమైనవి తక్కువ. ఏళ్ల తరబడి ఒక రకంగా నడిచిన ఖాతాను బ్యాంకు ఒక పొద్దున లేచి ఇంకో రకం అనేసరికి మొదలైనవే ఎక్కువ. వాటిలో ఈ ఒక్కటి రాసి పెడుతున్నాను. ఇందులో బ్యాంకు సగం ఒప్పు, కస్టమరు సగం ఒప్పు, మధ్యలో నేను వేసిన తప్పటడుగు కూడా ఉంది. ఊరు, పేర్లు, బ్యాంకు చెప్పను. అంకెలు కొద్దిగా సర్దాను, లెక్క తీరు మాత్రం అలాగే ఉంచాను.

ఖాతా పుట్టిన రోజు

2003లో సంగతి. కోనసీమలో ఒక చిన్న టౌను బ్రాంచి. కువైట్ డ్రైవర్ వీసా కోసం ఏజెంటు చుట్టూ తిరుగుతున్న ఇరవై నాలుగేళ్ల కుర్రాడు తల్లిని వెంటబెట్టుకెళ్లి జాయింట్ సేవింగ్స్ ఖాతా తెరిచాడు. తండ్రి అప్పటికే లేడు. కుర్రాడి చేతిలో కొత్త పాస్‌పోర్టు ఉంది. తల్లికి రేషన్ కార్డు తప్ప చూపించడానికి ఏమీ లేదు. "పాస్‌పోర్టున్నవాళ్ల పేరు ముందు రాయండి" అన్నాడట కౌంటర్లో గుమస్తా. ఫారం మీద మొదటి గడిలో కొడుకు పేరు, రెండో గడిలో తల్లి పేరు పడ్డాయి. ఇద్దరిలో ఎవరు సంతకం పెట్టినా చెల్లేలా 'ఐదర్ ఆర్ సర్వైవర్' దగ్గర టిక్కు పెట్టారు. గడుల వరుస గురించి అక్కడెవరూ రెండో మాట అనుకోలేదు.

2004లో కుర్రాడు కువైట్ వెళ్లాడు. నెలకో, రెండు నెలలకో అక్కడి ఎక్స్చేంజి నుంచి డబ్బు ఈ ఖాతాలోకే పంపేవాడు. తల్లి తన కొబ్బరితోట కౌలు డబ్బు కూడా ఇందులోనే వేసేది. సంత రోజున విత్‌డ్రాయల్ ఫారం రాయించుకుని ఇంటి ఖర్చుకు తీసుకునేది. బ్రాంచిలో మేనేజర్లు ఏడెనిమిది మంది మారారు. ఆవిడ మాత్రం అదే బల్ల మీద కూర్చుని తన వంతు కోసం చూసేది.

2016 మే నెలలో ఆవిడ తన పేరున ఉన్న తోటలో నలభై సెంట్లు అమ్మింది. కొన్నవాళ్లిచ్చిన 9 లక్షల చెక్కు ఈ ఖాతాలో వేసి, నాలుగు రోజుల తర్వాత అదే మొత్తాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసింది. వడ్డీ మూణ్ణెల్లకోసారి సేవింగ్స్‌లో పడే రకం. డిపాజిట్ తెరిచేటప్పుడు కంప్యూటర్ సేవింగ్స్ ఖాతాలో ఉన్న పేర్ల వరుసనే తెచ్చుకుంది. కాబట్టి పూర్తిగా తల్లి భూమి అమ్మిన డబ్బు మీద కూడా మొదటి పేరు కొడుకుదే అయింది. ఆవిడకప్పటికే అరవై దాటాయి. సీనియర్ సిటిజన్లకిచ్చే అర శాతం అదనపు వడ్డీ రావలసింది, మొదటి పేరు చిన్నవాడిది కావడంతో రాలేదు. 9 లక్షల మీద అర శాతమంటే ఏడాదికి 4,500. ఐదేళ్లలో ఎవరూ గమనించలేదు. పైగా ఏటా ఏప్రిల్లో టీడీఎస్, అంటే వడ్డీ మీద బ్యాంకు ముందే పట్టుకునే పన్ను, కోయకుండా కొడుకు పేరున 15జీ ఫారం బ్రాంచి వాళ్లే రాసి తల్లి చేత సంతకం పెట్టించుకునేవారు. ఆ ఫారం ఇక్కడ నివాసం ఉండేవాళ్లకే పనికొస్తుందన్న సంగతి పెట్టించినవాళ్లకు తెలుసో లేదో మరి.

ఫారం వెనక్కొచ్చింది

కరోనా వల్ల రెండేళ్లు ఆగిపోయిన కొడుకు 2021 ఆగస్టులో చుట్టీకి, అంటే సెలవుకు వచ్చాడు. కేవైసీ కొత్తగా ఇమ్మని మెసేజి ఉంటే బ్రాంచికి వెళ్లి రెన్యూ చేసిన పాస్‌పోర్టు చూపించాడు. వీసా పేజీ చూసిన ఆఫీసరు అడిగితే దాచకుండా కువైట్ బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) నకలు కూడా ఇచ్చాడు. సెప్టెంబరు మొదట్లో తిరిగి వెళ్లిపోయాడు.

సెప్టెంబరు 14న ఆ కస్టమర్ ఐడీ మొత్తం ఎన్నార్వోగా, అంటే విదేశంలో ఉండేవాళ్లు ఇక్కడి రూపాయల కోసం ఉంచుకునే రకం ఖాతాగా మారింది. సేవింగ్స్ మారింది, దాని కింద ఉన్న ఎఫ్‌డీ కూడా మారింది. 'ఐదర్ ఆర్ సర్వైవర్' పోయి 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' వచ్చింది. అంటే మొదటి పేరున్నాయన బతికున్నంత కాలం ఆయన సంతకమే చెల్లుతుంది. తల్లికి ఒక్క ఉత్తరం ముక్క రాలేదు. అక్టోబరులో సంత రోజున ఎప్పటిలాగే ఫారం ఇస్తే "మీ సంతకం చెల్లదమ్మా, అబ్బాయి రావాలి" అని వెనక్కిచ్చేశారు. నవంబరు మధ్యలో ఎఫ్‌డీ వడ్డీ 12,150 రావలసిన చోట 8,359 పడింది. ఎన్నార్వో వడ్డీ మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం కోశారు.

నవంబరు 18న ఆవిడ నా దగ్గరికి వచ్చింది. పాలిథిన్ కవర్లో నాలుగు పాస్‌బుక్కులు, మొదటిది 2003ది. "పద్దెనిమిదేళ్ల నుంచీ ఇక్కడే వేత్తన్నానండి. నా డబ్బులు నాకివ్వడానికి ఆడు కువైట్ నుంచి రావాలా అండి?" అంది. కోపం కంటే చిన్నతనం ఎక్కువ కనిపించింది ఆ మాటలో. బల్ల మీద కూర్చున్న తెలిసినవాళ్ల ముందు ఫారం వెనక్కిచ్చారు కదా.

ఎవరిది ఒప్పు

కొడుకు విషయంలో బ్యాంకుది ఒప్పు. విదేశీ మారకం చట్టం, అంటే 1999 నాటి ఫెమా ప్రకారం, ఉద్యోగం కోసం దేశం దాటినవాడు ఆ రోజు నుంచే ఇక్కడ నివాసి కాడు. చాలామంది 182 రోజుల లెక్క చెబుతారు కానీ ఉద్యోగానికి వెళ్లినవాడికి ఆ ఆసరా లేదు. వెళ్లిన సంగతి బ్యాంకుకు చెప్పాలి, అప్పటిదాకా ఉన్న మామూలు ఖాతాను ఎన్నార్వోగా మార్పించుకోవాలి. 2004లోనే జరగవలసిన పని 2021లో జరిగింది. ఎన్నార్వోలో ఇక్కడ ఉండేవాళ్లు రెండో పేరుగా ఉండాలంటే 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' తప్ప వేరే రకం 2016 నాటి డిపాజిట్ నిబంధనల్లో లేదు. బ్రాంచి అక్షరాలా నిబంధన పాటించింది.

మరి తప్పెక్కడ? తల్లి ఎప్పుడూ ఇక్కడే ఉంది. ఆ 9 లక్షలు ఆవిడవి. బ్యాంకు మనిషి హోదాను సరిచేస్తూ డబ్బు ఎవరిదన్న ప్రశ్న కూడా అదే దెబ్బతో తేల్చేసింది. కంప్యూటర్లో ఈ రెండింటికీ కలిపి ఒకటే కస్టమర్ ఐడీ ఉండటం వల్ల కౌంటర్లో ఎవరికీ ఇవి రెండు వేరు ప్రశ్నలని తట్టలేదు. నాకు కూడా మొదటి వారం సరిగ్గా తట్టలేదు. అది తర్వాత చెబుతాను.

నా దగ్గరికి రాకముందు

కొడుకు కువైట్ నుంచి మేనేజరుకు ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాడు. ఆ తర్వాత మేనేజరు ఫోన్ ఎత్తడం మానేశాడు. తల్లి తరఫున మేనల్లుడు ఒక ఉత్తరం రాశాడు. పద్దెనిమిదేళ్ల పాత కస్టమర్లం, దయచేసి ఖాతా పాత పద్ధతికి మార్చండని. ఈ ఉత్తరం తిరస్కరణకే పుట్టింది. పాత కస్టమరు అన్న మాట బ్యాంకులో కాఫీ తెప్పిస్తుంది తప్ప ఫెమా హోదా మార్చదు. పైగా పద్దెనిమిదేళ్లు చెప్పకుండా నడిపామని మనంతట మనమే రాసిచ్చినట్టు.

మూడోది ప్రమాదకరమైనది. టౌనులో ఒక ఏజెంటు, కొడుకు శాశ్వతంగా తిరిగొచ్చేశాడని ఒక డిక్లరేషన్ ఇస్తే మళ్లీ మామూలు ఖాతా అయిపోతుందని, తాను రాసిపెడతానని, 3,000 అవుతుందని చెప్పాడు. ఆవిడ దాదాపు ఒప్పుకుంది. అది ఆపడమే నేను చేసిన మొదటి పని. అప్పటిదాకా జరిగింది తెలియక చేసిన పొరపాటు. బ్యాంకులు అలాంటివాటిని హోదా మార్చి సర్దుకుంటాయి. అబద్ధపు డిక్లరేషన్ మీద సంతకం పడ్డాక దాన్ని తెలియని పొరపాటని ఎవరూ అనరు. ఇది ఆవిడకు అర్థమయ్యేలా చెప్పడానికి గంట పట్టింది. "ఆడు ఎప్పటికైనా వచ్చేవాడే కదండీ" అనేది ఆవిడ వాదన. తల్లి మాటగా అది నిజమే.

నేను చేసినవి, పని చేయనివి

ముందు చేతిలో డబ్బు ఆడాలి. ఎన్నార్వో ఖాతాదారు ఇక్కడ ఉన్నవాళ్లకు అధికారపత్రం ఇస్తే రూపాయల్లో స్థానిక చెల్లింపులు చేసుకోవచ్చు. బ్యాంకు ఫార్మాట్ కాయితం కొరియర్లో కువైట్ పంపించాం. కొడుకు ఎంబసీలో ధ్రువీకరణ చేయించి తిప్పి పంపాడు. డిసెంబరు మధ్యకి ఆవిడ మళ్లీ కౌంటర్లో డబ్బు తీసుకోగలిగింది. ఆ నెల రోజులు కూతురు ఇంటి నుంచి సర్దింది.

ఇక్కడితో ఆపేద్దామన్నాడు కొడుకు. ఆపకూడదని నేను పట్టుబట్టడానికి కారణాలున్నాయి. అధికారపత్రం డబ్బు తీయడానికి పనికొస్తుంది కానీ డబ్బు ఎవరిదో మార్చదు. ఎఫ్‌డీ వడ్డీ మీద 31.2 శాతం కోత అలాగే ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైనది, రేపు ఆవిడ లేకపోతే ఆ 9 లక్షలు కాయితం మీద కొడుకువి. ఊళ్లోనే ఉన్న అతని చెల్లెలికి అమ్మ భూమి డబ్బులో ఉన్న వాటా ఆ కాయితం ముందు నిలబడదు. ఇది నేను కొడుకుతో ఫోన్లో మెల్లగా అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "అది నాకు తట్టలేదు సార్, కానివ్వండి" అన్నాడు. కేసు నిజంగా కదిలింది ఆ ఫోన్ కాల్‌తోనే.

ఇక నా తప్పటడుగు. పేర్ల వరుస తిరగేస్తే సరిపోతుందనుకున్నాను. మొదటి పేరు తల్లిది, రెండోది కొడుకుది అయితే ఖాతా ఆవిడ హోదాను బట్టి మామూలు ఖాతా అవుతుంది కదా అని. నాలుగు పంక్తుల్లో దరఖాస్తు రాసి ఇప్పించాను. వారంలో తిరిగొచ్చింది. బ్యాంకు చెప్పిన కారణం సరైనదే. ఎన్నార్వో అయిపోయిన ఖాతాలో ఉన్న డబ్బు ఎన్నారైది. పేరు తిరగేయడమంటే ఆ డబ్బును ఏ లావాదేవీ లేకుండా ఇంకొకరి చేతుల్లో పెట్టడం. నేనే ఆ కుర్చీలో ఉంటే నేనూ తిప్పికొట్టేవాడిని. ముప్పై రెండేళ్లు లోపల కూర్చున్నవాణ్ణి, బయట కూర్చోగానే కస్టమరులా ఆలోచించాను.

రెండో ఆలోచన ఇంకొంచెం పదునైనదే, కానీ అదీ నిలవలేదు. 2014లో రిజర్వు బ్యాంకు ఒక సడలింపు ఇచ్చింది. ఇక్కడ ఉండేవాళ్లు తమ మామూలు ఖాతాలో దగ్గరి బంధువైన ఎన్నారైని 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో రెండో పేరుగా పెట్టుకోవచ్చు. ఖాతా మామూలుదిగానే ఉంటుంది. తల్లి పేరున కొత్త ఖాతా తెరిచి కొడుకును అలా కలుపుదామని ఫారాలన్నీ నింపించాను. సంతకాలకు పంపే ముందు రోజు రాత్రి ఆ నిబంధనలు ఇంకోసారి చదివాను. ఆ ఎన్నారైకి చెందిన డబ్బేదీ, అతను పంపేదేదీ ఆ ఖాతాలో జమ చేయకూడదు. అతను ఖాతాదారు తరఫున ఖర్చులకు మాత్రమే దాన్ని నడపాలి. ఈ కుటుంబంలో నెలనెలా జరిగేది కువైట్ నుంచి డబ్బు రావడమే. అంటే ఒక ఉల్లంఘనలోంచి బయటపడి ఇంకోదానిలో కాలు పెట్టేవాళ్లం. ఫారాలు చించేశాను. ఈ సడలింపు గురించి చాలామంది పైపైన చెబుతారు, ఈ షరతు దగ్గర మాత్రం ఆగరు.

ఫిర్యాదు సంగతి. సరిగ్గా ఆ నెలలోనే, 2021 నవంబరు 12న, రిజర్వు బ్యాంకు మూడు పాత ఓంబుడ్స్‌మన్ (కస్టమర్ల ఫిర్యాదులు వినే అధికారి) పథకాలను కలిపి ఒక్కటిగా చేసింది. టీవీలో చూసిన మేనల్లుడు రోజూ అడిగేవాడు. "కేసు పెట్టేద్దామండి బాబాయ్ గారూ" అని. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులు చూడాలి, అదెలాగూ చేయాల్సిందే. కానీ ఏమని ఫిర్యాదు చేయాలన్నదే ప్రశ్న. ఎన్నార్వోగా మార్చడం తప్పని రాస్తే ఓడిపోతాం. ఓంబుడ్స్‌మన్ ఫెమా హోదా మార్చలేడు. పైగా మొదటి సమాధానంలోనే పద్దెనిమిదేళ్ల మౌనం, ఆ 15జీ ఫారాలు బయటకొస్తాయి. అందుకని ఇరుకైన ఒక్క అంశం మీదే రాశాం: రెండో ఖాతాదారు సంతకం హక్కు తీసేసే ముందు ఆవిడకు నోటీసు ఇచ్చారా? ఇస్తే తేదీ, నకలు ఇవ్వండి. అంతే.

27వ రోజున జవాబొచ్చింది. సగం అచ్చు ఫార్మాట్ ఉత్తరం. కానీ అందులో ఏ మార్పు ఏ తేదీన చేశారో పట్టిక ఉంది, నోటీసు గడి ఖాళీగా ఉంది. మేమడిగినది దొరకలేదు గానీ, మాకు కావలసినది దొరికింది.

దారి దొరికిన చోటు

ఈలోగా నాకు అసలు సంగతి తట్టింది. పాత ఖాతాను బాగుచేయాలని చూస్తున్నంత కాలం ఓడిపోతూనే ఉంటాం. దాన్ని ఎన్నార్వోగానే ఒప్పేసుకోవాలి. అందులోంచి తల్లి డబ్బును సక్రమంగా బయటికి తేవాలి. ఎన్నార్వో ఖాతాదారు ఇక్కడున్న తల్లికి రూపాయల్లో బదిలీ చేయడానికి అడ్డేమీ లేదు, అతను సంతకం పెడితే చాలు.

దానికి ముందు డబ్బును మూడు కుప్పలుగా వేశాను. కాయితం ఉన్న తల్లి డబ్బు ఒకటి. కువైట్ నుంచి వచ్చింది రెండోది. కౌలు, వడ్డీ, ఇంటి ఖర్చు కలిసిపోయి విడదీయలేనిది మూడోది. మొదటి కుప్పకు ఆధారాలు గట్టివి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు నుంచి అమ్మకం దస్తావేజు నకలు తెచ్చాం, అందులో చెక్కు నంబరు ఉంది. అదే నంబరు 2016 పాస్‌బుక్కులో జమగా ఉంది. నాలుగు రోజులకు అదే మొత్తం ఎఫ్‌డీలోకి వెళ్లింది. ఇవి కాక ఇంకో చిన్న ఆధారం పాస్‌బుక్కులో కనిపించింది. 2019 నుంచి పీఎం కిసాన్ 2,000 చొప్పున ఆవిడ పేరున ఈ ఖాతాలోకే పడుతోంది. ఆవిడ ఈ ఖాతాకు ఉత్త రెండో సంతకం కాదని చెప్పడానికి అది పనికొచ్చింది.

మూడో కుప్ప దగ్గర నేను కఠినంగా ఉన్నాను. సేవింగ్స్‌లో మిగిలిన 2 లక్షల 36 వేలలో ఆవిడ కౌలు డబ్బు ఉందని నాకు తెలుసు. ఎంతో చెప్పలేను. చెప్పలేనిదాన్ని తల్లిదని రాస్తే, చెప్పగలిగిన 9 లక్షల మీద కూడా అనుమానం వస్తుంది. మొత్తం కొడుకుదేనని వదిలేద్దామన్నాను. ఆవిడ నొచ్చుకుంది. "మరి నా కొబ్బరికాయల డబ్బులండీ?" అంది. కొడుకు తర్వాత అంతా ఆవిడకే పంపించాడు, కానీ కాయితం మీద మాత్రం అలాగే ఉంచాం.

ఇక బదిలీకి ఆధారాలెందుకు, కొడుకు సంతకం చాలు కదా అని అడగొచ్చు. డిపాజిట్ గడువుకు ముందే తీస్తే కోత పడుతుంది. అక్కడ ఆధారాలు పనికొచ్చాయి. 2021 మేలో 5.4 శాతానికి మళ్లీ ఐదేళ్లకు రెన్యూ అయిన డిపాజిట్ అది. ఫిబ్రవరిలో తీస్తే తొమ్మిది నెలల కాలానికి వర్తించే 4.4 శాతమే ఇస్తారు. ఆపైన 1 శాతం జరిమానా. మొత్తం 2 శాతం తేడా, తొమ్మిది నెలలకు 13,500. ముందే ఇచ్చేసిన వడ్డీ కాబట్టి దాన్ని అసలులోంచి కోసుకుంటారు. టీడీఎస్ అయితే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, ఈ కోత మాత్రం తిరిగిరాదు. అలా చూస్తే గడువుదాకా ఆగడమే లాభమనిపిస్తుంది. కానీ గడువు ఇంకా నాలుగేళ్ల పైన ఉంది. తల్లికి అరవై ఏడేళ్లు. ఆ నాలుగేళ్లలో ఏం జరిగినా డబ్బు ఆవిడది కాకుండా పోతుంది.

రీజనల్ ఆఫీసుకు రాసిన ఉత్తరం మొదటి వాక్యం ఇది: "ఖాతాను ఎన్నార్వోగా మార్చడాన్ని మేము ప్రశ్నించడం లేదు, అంగీకరిస్తున్నాము." దీని మీద మేనల్లుడికీ నాకూ పెద్ద వాదన జరిగింది. యుద్ధానికి ముందే తెల్లజెండా ఎత్తేశారన్నాడు. నేను లోపల కూర్చున్న రోజులు గుర్తున్నాయి కాబట్టి రాశాను. బ్రాంచి మేనేజరుకు ఆవిడ మీద పగేమీ లేదు. ఎన్నారై ఉన్న ఖాతాను మామూలుగా వదిలేశావేమని రేపు కాంకరెంట్ ఆడిటర్, అంటే బ్రాంచి లావాదేవీలను ఎప్పటికప్పుడు తనిఖీ చేసేవాడు, రాస్తాడేమోనన్న భయం ఉంది. ఆ భయం తీరే కాయితం ఫైల్లో పడితే, మిగతావి చదివే ఓపిక వస్తుంది. ఆ వాక్యం కింద దస్తావేజు, చెక్కు, పాస్‌బుక్కు పేజీలు వరుసగా పెట్టి, నోటీసు గడి ఖాళీగా ఉన్న వాళ్ల పట్టికే మళ్లీ జతచేసి, కొడుకు కోరిక మీద ఎఫ్‌డీ మూసి తల్లి ఖాతాకు పంపమనీ, పేర్ల వరుసలో మొదట్లోనే జరిగిన పొరపాటు కాబట్టి జరిమానా మాఫీ చేయమనీ అడిగాం.

జనవరి ఆఖరున ఒప్పుకున్నారు. 1 శాతం జరిమానా, అంటే 6,750, వదిలేశారు. కాలాన్ని బట్టి వడ్డీ తగ్గిన మరో 6,750 పోయింది. ఫిబ్రవరి మూడో వారంలో డబ్బు తల్లి ఖాతాకు మారింది.

ఆ ఖాతా నవంబరు ఆఖరులోనే తెరిచి ఉంచాం. ఆవిడ ఒక్క పేరునే, కొడుకు నామినీ. జాయింట్ వద్దని నేనే అన్నాను. ఒంటరి ఖాతా అయితే కువైట్ నుంచి కుటుంబ ఖర్చుకు కొడుకు పంపినది అందులో నేరుగా పడొచ్చు. నామినీగా కొడుకు ఒక్కడినే పెట్టడం మీద కూతురు ముఖం మాడ్చుకుంది. నామినీ అంటే వారసుడు కాడు, డబ్బు అందుకుని హక్కున్నవాళ్లకు పంచవలసినవాడని ఆవిడకు చెప్పాను. ఎంతవరకు నమ్మిందో తెలియదు. కొత్త ఎఫ్‌డీ సీనియర్ సిటిజన్ రేటుకు పడింది, 15జీ లాంటిదే సీనియర్ల కోసం ఉన్న 15హెచ్ ఫారం ఇచ్చాం. ఆ అర శాతం ఏడాదికి 4,500 లెక్కన, పోయిన 6,750 ఏడాదిన్నరలో తిరిగొచ్చేసింది.

కొడుక్కి ఎన్నారీ, అంటే ఎన్నారైలు విదేశీ సంపాదన దాచుకునే ఖాతా, వేరుగా తెరిపించాం. కువైట్‌లో సంపాదించి దాచుకోవాలనుకున్న డబ్బు అందులోకి వస్తుంది, దాని వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు. పదిహేడేళ్లు ఆ సౌకర్యం ఉందని తెలియకుండానే గడిచిపోయాయి.

తేలీ తేలని ముక్క

నవంబరు, ఫిబ్రవరి టీడీఎస్ కోతలు కలిపి 7,582 రూపాయలు. సూటైన దారి అప్పటి ఆదాయపు పన్ను నిబంధన 37బీఏ. ఎవరి పేరున కోశారో వాళ్లు, ఈ ఆదాయం ఫలానావారిదని డిక్లరేషన్ ఇస్తే, టీడీఎస్ జమ వాళ్ల పేరున చూపించవచ్చు. బ్యాంకుకు ఇచ్చాం. క్వార్టర్లీ రిటర్ను వేసేశామని తీసుకోలేదు. నేను ఇంకోసారి రాద్దామన్నాను. టౌనులో ఆడిటరు గారు వద్దన్నారు. కోత కొడుకు పాన్ మీద కనిపిస్తోంది, అతనికి ఇక్కడ పన్ను పడేంత ఆదాయం లేదు, అతని రిటర్నులోనే వడ్డీ చూపించి వెనక్కి తెప్పిద్దామన్నారు. అలాగే చేశారు. 2022 సెప్టెంబరులో వచ్చింది. డబ్బు వచ్చిందని అందరూ సంతోషించారు. డబ్బు తల్లిదని ఆర్నెల్లు వాదించి, చివర్లో దాని వడ్డీని కొడుకు ఆదాయమని చూపించడం నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. కువైట్‌తో ఉన్న పన్ను ఒప్పందం కింద తక్కువ రేటు అడగమని ఇంకెవరో సలహా ఇచ్చినప్పుడు, అది డబ్బు కొడుకుదని ఒప్పుకోవడమే అవుతుందని తోసిపుచ్చింది నేనే.

ఆ తర్వాత గల్ఫ్ కుటుంబం ఎవరు వచ్చినా బ్యాలెన్సు అడగను. పాస్‌బుక్కు మొదటి పేజీ తీయమంటాను. మొదటి పేరు ఎవరిది, డిపాజిట్ల మీద ఏ వరుస ఉంది, ఆ డబ్బు పుట్టిన కాయితం ఇంట్లో ఉందా అని చూస్తాను. కోనసీమలో ఆడవాళ్లే కువైట్ వెళ్లి, భర్త ఇక్కడ ఉన్న ఇళ్లూ చాలా ఉన్నాయి. అక్కడ వరుస తిరగబడి ఉంటుంది, చిక్కు మాత్రం ఇదే. ఈ కేసు తర్వాత అలాంటివి ఐదారు, ఫారం వెనక్కి రాకముందే సర్దగలిగాం. తల్లి డబ్బు తల్లి ఒక్క పేరున, కొడుకు సంపాదన ఎన్నారీలో, ఇక్కడి కౌలూ అద్దెలూ ఉంటే ఎన్నార్వోలో. రెండూ కలిసే చోటు ఇంట్లో ఉండొచ్చు గానీ ఖాతాలో వద్దని చెబుతుంటాను.

కొడుకు 2024లో ఫోన్ చేశాడు. వీసా క్యాన్సిల్ చేయించుకుని ఇంటికొచ్చేస్తున్నాడట, ఆటో కొందామని ఆలోచన. "టికెట్ బుక్ చేశాను సార్. దిగాక ముందు బ్యాంకుకా, ఇంటికా?" అని నవ్వాడు. ముందు అమ్మ దగ్గరికి వెళ్లమన్నాను. తర్వాత క్యాన్సిల్ ముద్ర ఉన్న పేజీ నకలు తీసి, ఆ వారంలోనే బ్రాంచికి వెళ్లి ఎన్నార్వోను మళ్లీ మామూలు ఖాతాగా మార్పించుకోమన్నాను.